మూగబోయిన గంటకు మళ్లీ మాట

ట్రింగ్... ట్రింగ్...

ఒకప్పుడు ఈ మోత వినబడితే ఇంటిల్లిపాదీ కదిలేవారు. వంటింట్లోంచి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. వీధరుగు మీద పేపరు చదువుకునే తాతయ్య కళ్లజోడు సర్దుకుని లేచేవాడు. అందరికంటే ముందు పిల్లలు పరుగెత్తేవారు. నిజానికి ఆ మోత ఒక్క ఇంటిదే కాదు, వీధి వీధంతటిదీ! ఫోనున్న ఇంటి నంబరు పక్కన 'పి.పి.' అని రాసి, దాన్నే తమ నంబరుగా శుభలేఖల మీద అచ్చువేయించుకున్న ఇరుగుపొరుగులు ఎందరో. "పిన్నిగారూ, మీకు హైదరాబాదు నుంచి ఫోను! పది నిమిషాల్లో మళ్లీ చేస్తారట" అని గోడ మీంచి కేక వినబడేది. సంబంధం కుదిరిందన్న శుభవార్తా, ఆస్పత్రి నుంచి వచ్చే కబురూ ఆ నల్ల పెట్టెలోంచే వచ్చేవి.

ఇప్పుడా పెట్టె ఎక్కడుంది? కృష్ణా డెల్టాలో పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్త డాబా కట్టేటప్పుడు అటక మీంచి దిగుతుంది. దుమ్ము పట్టి, తీగ తెగి, డయల్ బిగుసుకుపోయి ఉంటుంది. గుమ్మంలో పాత సామాన్లవాడి తక్కెడ సిద్ధంగా ఉంటుంది. తూకానికి వేస్తే వచ్చేవి కాసిని రూపాయలు. వేసేముందు ఒక్క నిమిషం ఆగితే మంచిది. ఎందుకంటే ఆ మూగ ఫోన్లలో చాలావాటికి మళ్లీ మాట వస్తుంది.

ఇంట్లో ఉన్నా ఇంటిది కాదు

మన ఇళ్లలో కనిపించిన నల్ల ఫోన్లలో చాలామటుకు బెంగళూరులోని ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో తయారైనవి. 1948లో మొదలైన ఆ ప్రభుత్వ కర్మాగారం పేరు మీదే అక్కడ దూరవాణి నగర్ వెలిసింది. ఫోను బోర్లించి చూస్తే అడుగున 'ఐ.టి.ఐ.' గుర్తు కనబడవచ్చు. పైన ఉన్న గట్టి నల్ల పెంకు బేకలైట్. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ప్లాస్టిక్ అది. వేడికి కరగదు, కరెంటును పోనివ్వదు. కింద పడితే మాత్రం గాజులా పగులుతుంది.

అంత విరివిగా తయారైన ఫోను ఇప్పుడు ఎందుకింత అరుదు? చాలాకాలం ఆ ఫోను చందాదారు సొత్తు కాదు, తపాలా తంతి శాఖది. కనెక్షను వదులుకుంటే ఫోను తిరిగి ఇచ్చెయ్యాలి. మీటలు నొక్కే ఫోన్లు వచ్చాక సిబ్బంది వచ్చి కొత్తది పెట్టి పాతది పట్టుకెళ్లేవారు. అలా వెళ్లినవి తుక్కు కింద పోయాయి. ఎక్కడో అటక మీద మిగిలినవే మిగిలాయి.

తాళం వేసినా ఆగని ఫోను

బాగుచేయాలంటే ముందు అది పనిచేసే తీరు తెలియాలి. ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే రెండు తీగల్లో సుమారు 48 వోల్టుల కరెంటు ఉంటుంది. డయల్‌లో 5 తిప్పి వదిలితే, అది వెనక్కి తిరిగేటప్పుడు ఆ కరెంటు అయిదుసార్లు తెగి అతుక్కుంటుంది. సున్నాకైతే పదిసార్లు. ఆ తెగుళ్లను లెక్కపెట్టి ఎక్స్ఛేంజీ నంబరు కలుపుతుంది. అంతే రహస్యం!

ఈ రహస్యాన్ని ఏ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టిన ఘనులు మన ఇళ్లలోనే ఉండేవారు. బిల్లు పెరిగిపోతోందని నాన్న డయల్ కన్నంలో చిన్న తాళం బిగించి ఆఫీసుకు వెళ్తే, కుర్రకారు రిసీవరు పెట్టే మీటను టకటకా కొట్టి నంబరు కలిపేసేవారు. 3 కావాలంటే మూడు దెబ్బలు, 7 కావాలంటే ఏడు. డయల్ చేసే పనీ అదే కదా!

ఆపరేటరు అక్కర్లేని ఈ పద్ధతికి 1891లో పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రౌజర్ ఇంజినీరు కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. తనకు రావలసిన కాల్స్ పోటీదారుకు కలుపుతున్నారన్న అనుమానమే ఆయన చేత ఆ పని చేయించిందని చెబుతారు.

జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట

ముందు జాగ్రత్త ఒకటి. లైనుకు కలిపి ఉండగా ఫోను విప్పకూడదు. గంట మోగించడానికి ఎక్స్ఛేంజీ పంపే కరెంటు సుమారు 75 వోల్టులు. సరిగ్గా అప్పుడే చెయ్యి తగిలితే గట్టిగా జిల్లుమనిపిస్తుంది. విప్పేటప్పుడు ప్రతి దశలోనూ సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే, ఏ తీగ ఎక్కడిదో మళ్లీ తడుముకోనక్కర్లేదు.

డయల్ నీరసంగా తిరుగుతుంటే చాలావరకు స్ప్రింగు తప్పు కాదు, ఏళ్ల తరబడి గట్టిపడిన జిడ్డుది. దాన్ని మెత్తటి కుంచెతో తీసి, కుట్టుమిషను నూనె సూది మొనతో చుక్క పెడితే చాలు. సెకనుకు పది పల్సులు దాని సహజ వేగం. అంటే సున్నా తిప్పి వదిలితే సెకను దాటీదాటకుండా వెనక్కి వచ్చేయాలి. నల్లబడ్డ పల్సు పలకల మధ్య గట్టి కాగితం ముక్క పెట్టి లాగాలి. గరుకు కాగితం పెడితే వాటి పైపూత పోతుంది.

గొంతు బొంగురుగా వినిపిస్తే చూడాల్సింది రిసీవరులో నోటి దగ్గరుండే బిళ్ల. అందులో బొగ్గు రేణువులుంటాయి. మాటకు పలక అదిరి, రేణువులు దగ్గరై దూరమై కరెంటును మాటలా ఆడిస్తాయి. మన డెల్టా తేమకు అవి గడ్డకడతాయి. రిసీవరును అరచేతిలో మెల్లగా నాలుగుసార్లు తడితే ఒక్కోసారి విడిపోతాయి. లేదంటే బిళ్ల మార్చాల్సిందే.

గంట మోగకపోయినా, పెట్టిన ఫోను ఎత్తినట్టే ఉన్నా కండెన్సరును అనుమానించాలి. సుమారు రెండు మైక్రోఫారడ్లు ఉండే ఆ చిన్న డబ్బాలో పాతకాలపు కాగితపు పొరలుంటాయి. అవి చెడితే కరెంటు కారుతుంది. అదృష్టమేమిటంటే ఇది పాతదే కావాలని లేదు. 250 వోల్టులు తట్టుకునే కొత్త కండెన్సరు టీవీ మెకానిక్‌లు విడిభాగాలు కొనే దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతుంది. గంట మోగుతూ కూడా మొద్దుగా పలికితే గిన్నె బిగించిన స్క్రూ కాస్త వదులుచేసి గిన్నెను అటూ ఇటూ తిప్పి చూడాలి. చాలా ఫోన్లలో దాని రంధ్రం నడిమధ్యన ఉండదు. తిప్పేకొద్దీ సుత్తికి దగ్గరో దూరమో అవుతుంది. ఎక్కడో ఒకచోట పాత ఖంగుమనే మోత పట్టుబడుతుంది.

ఇక స్క్రూలు. పాత ఫోన్ల మర కొలతలు నేటి బజారు స్క్రూలకు కలవకపోవచ్చు. బలవంతంగా ఎక్కిస్తే ఉన్న మరా అరిగిపోతుంది. విజయవాడ ఆటోనగర్ ఉన్నది ఇందుకే! లారీ భాగాలను పాతది చూసి కొత్తది చేసిపెట్టే లేతు పనివారికి ఇత్తడి స్క్రూ ఓ లెక్కా? నమూనాకు ఒక్కటి చేతిలో ఉంటే చాలు. అలాగని అన్ని పనులూ చేయించకూడదు. మెరుస్తుంది కదా అని గంట గిన్నెలకు చిలకలపూడి బంగారు పూత వేయిస్తే అందం రావచ్చు గానీ, ఫోను వయసు పోతుంది. గిన్నెల మోత కూడా మారవచ్చు.

పెంకును కొద్ది సబ్బునీటితో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. ఆరాక లోహాలు మెరిపించే పాలిష్ మెత్తగా రుద్దితే నలుపు తేలుతుంది. పెట్రోలు, థిన్నరు వద్దు. గరుకు కాగితంతో పొడిగా అరగదీయడం అసలే వద్దు. కొన్ని పాత బేకలైట్లలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఇవేవీ కుదరని భాగం, అంటే విరిగిన మీటో పోయిన డయల్ పలకో కావాలంటే? దానికి దుకాణం లేదు. ఇంకో చచ్చిన ఫోనే దాని దుకాణం. పాత ఇనప సామాన్ల కొట్లలో, హైదరాబాదు జుమ్మేరాత్ బజారులాంటి అంగళ్లలో ఓపిగ్గా వెతకాలి. అందుకే పనికిరాని రెండో ఫోను దొరికినా పారెయ్యకూడదు. రెండు కలిపితే ఒకటి బతుకుతుంది. ఇత్తడితో ధగధగలాడుతూ 'పురాతనం' అని అమ్మేవాటితో మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావాటి లోపల మీటల ఫోను పలకే ఉంటుంది.

కరెంటు పోయినా పలికేది

బాగుచేసిన ఫోను పలకాలంటే లైను ఉండాలి. ఇంటికి ఇంకా రాగితీగ ల్యాండ్‌లైను ఉంటే ముందు దానికే కలిపి చూడాలి. డిజిటల్ ఎక్స్ఛేంజీలను కూడా పాత పల్సులు గుర్తుపట్టేలా తయారుచేశారు. ఫైబరు కనెక్షనైతే వచ్చే కాల్స్‌కు మోగుతుంది, మాటా వినబడుతుంది గానీ, చాలా పెట్టెలకు డయల్ భాష అర్థం కాదు. మధ్యలో పల్సును టోనుగా మార్చే చిన్న పరికరం పెట్టుకోవాలి.

రెండింటికీ ఇంకో తేడా ఉంది. రాగితీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వస్తుంది. ఇంట్లో దీపాలారినా అది పలుకుతుంది. ఫైబరు పెట్టెకు ఇంటి కరెంటే దిక్కు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగినప్పుడు, కరెంటు లేక సెల్‌ఫోన్ల చార్జింగ్ అయిపోయి, డాబాల మీద ఉన్నవాళ్లు అయినవాళ్లకు కబురు చెప్పలేక అల్లాడారు. అలాగని పాత ఫోను సర్వరోగ నివారిణి కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమలో తీగలే తెగిపోయాయి. ఎంత ఘోరం జరిగిందో బయటి లోకానికి వెంటనే తెలియనేలేదు. తీగ నిలిచినంతవరకే ఫోను. కబురు అందడం ఎంత విలువైనదో ఈ నేలకు వేరే చెప్పనక్కర్లేదు.

బజారులో దొరకని భాగం

స్క్రూ చేయించుకోవచ్చు, కండెన్సరు కొనుక్కోవచ్చు. ఎక్కడా కొనలేనిది ఇంకొకటుంది. గంట మోత వినగానే జబ్బు చెప్పగల చెవి! ఒకప్పుడు సైకిలు మీద వచ్చి, స్తంభమెక్కి, ఫోను విప్పి బాగుచేసిపెట్టిన లైన్‌మన్లు, మెకానిక్‌లు రిటైరై ఏళ్లు గడిచాయి. వాళ్ల చేతిలో ఉన్న విద్య చాలామటుకు కాగితమెక్కలేదు. మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో అలాంటి పెద్దాయన ఉంటే, అటక మీది ఫోను ఆయన ముందు పెట్టి చూడండి. ఆయన స్క్రూడ్రైవరు తిప్పుతుంటే ఇంట్లో కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టండి. ఫోను బాగుపడకపోయినా ఆ పూట వృథా కాదు.

బాగుపడితే సరదాయే వేరు. డయల్ చూసిన ఈ కాలపు పిల్లలు ముందు చేసే పని, కన్నంలో వేలు పెట్టి మీటలా నొక్కడం! ఏమీ జరక్కపోయేసరికి బిక్కమొహం వేస్తారు. అప్పుడు తాతయ్య ఆ చిట్టి వేలు పట్టుకుని, "నొక్కడం కాదురా, ఇలా చివరిదాకా తిప్పి వదలాలి" అంటాడు.

గిర్రున వెనక్కి తిరిగే ఆ చప్పుడు విని వాడు ఇంకోసారి తిప్పకుండా ఉండలేడు.