స్వరం, శ్రవణం: రెండూ అమానతులే

“మా అబ్బాయి చెప్పిన మాట వినడు మౌలానా, మీరే దారిలో పెట్టాలి.” పిల్లలను మద్రసాలో చేర్పించే సమయంలో తల్లిదండ్రుల నోట తరచుగా వెలువడే మాట ఇది. తెలుగులో ‘వినడు’ అనే పదానికి రెండు అర్థాలున్నాయి. లక్ష్యపెట్టడు అన్నది ఒకటి, చెవికి వినిపించదు అన్నది రెండవది. పెద్దలు సాధారణంగా మొదటి అర్థం దగ్గరే ఆగిపోతారు. రెండవ అర్థం తట్టేసరికి కొన్ని ఇళ్లలో సంవత్సరాలే గడిచిపోతాయి. ఈలోగా ఆ పసివాడు మొద్దు అనిపించుకుంటాడు, మొండి అనిపించుకుంటాడు, దెబ్బలు కూడా తింటాడు. వినికిడి లోపానికి శిక్ష విధించడం ఎంతటి అన్యాయమో ఆలోచించండి!

వెనుక నుంచి పిలిస్తే పలకని పిల్లవాడు, ‘ఏమిటీ?’ అని పదేపదే అడిగే పిల్లవాడు, పాఠం చెప్పేవారి పెదవుల వైపే చూసే పిల్లవాడు, ‘సీన్’కూ ‘సాద్’కూ తేడా ఎన్నిసార్లు చెప్పినా పట్టుకోలేని పిల్లవాడు కనబడితే మందలించడానికి ముందు చెవి పరీక్ష చేయించాలి. జలుబు తరువాత చెవి లోపల నీరు చేరి వినికిడి మందగించడం పిల్లల్లో సర్వసాధారణం, దానికి చికిత్స ఉంది. కాచిన నూనె చెవిలో పోయడం, పుల్లతో గుబిలి తీయడం మాత్రం చికిత్సలు కావు, ప్రమాదాలు.

ఈ పరీక్షలకు మన జంటనగరాల వారు దూరం వెళ్లవలసిన అవసరం లేదు. హైదరాబాద్‌కు చెందిన నవాబ్ అలీ యావర్ జంగ్ ఉస్మానియా, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా పనిచేశారు. 1976లో మహారాష్ట్ర గవర్నర్ పదవిలో ఉండగానే మరణించారు. ఆయన పేరిట 1983లో కేంద్ర ప్రభుత్వం ముంబయిలో వినికిడి లోపాలపై ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో ఉంది. బేగంపేట నుంచి బోయిన్‌పల్లి దిక్కుగా వెళితే ఎంతో దూరం కాదు. వినికిడి పరీక్షలు, మాట తర్ఫీదు అక్కడ లభిస్తాయి. అయినా అనేక కుటుంబాలు వెనుకాడుతాయి. కారణం డబ్బు కాదు, సిగ్గు. ముఖ్యంగా ఆడపిల్ల చెవికి యంత్రం పెడితే సంబంధాలు రావని భయం. కళ్లజోడు పెట్టుకోవడంలో లేని అవమానం చెవి యంత్రం పెట్టుకోవడంలో ఎక్కడి నుంచి వచ్చింది? లోపాన్ని దాచినంతకాలం ఆ బిడ్డ చదువుకూ, తిలావతుకూ, నలుగురి మాటలకూ దూరమవుతూనే ఉంటుంది.

పుట్టుకతోనో జబ్బుతోనో వచ్చే లోపం ఒక ఎత్తు, మనం చేజేతులా తెచ్చుకునేది మరొక ఎత్తు. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. ఒక్కొక్క చెవిలో అవి సుమారు 15 వేలు. అతిశబ్దం వల్ల అవి నశిస్తే మనిషిలో తిరిగి మొలవవు. పెద్దలకు 80 డెసిబెళ్ల శబ్దం వారానికి 40 గంటల వరకు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే 90 డెసిబెళ్లకు చేరితే హద్దు వారానికి 4 గంటలకు పడిపోతుంది. శబ్దం కొద్దిగా పెరిగినా హద్దు ఎంతో కుదించుకుపోతుందన్న మాట. ఇయర్‌ఫోన్ల వంటి వాటితో వంద కోట్లకు పైగా యువజనుల వినికిడి ప్రమాదంలో ఉందని ఆ సంస్థ 2021లో హెచ్చరించింది. చెవిలో మ్రోగేది సినిమా పాటైనా, నాతైనా, ఖిరాఅత్ అయినా రోమకణానికి తేడా తెలియదు.

చెవికీ స్వరానికీ గల బంధాన్ని 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. చదువుతున్న మనిషి చెవిలో హోరు వినిపిస్తే అతడు తనకు తెలియకుండానే స్వరం పెంచుతాడు. హోరు ఆగితే తగ్గిస్తాడు. బేగంపేటలో స్పానిష్ మసీదు 1906లో పూర్తయ్యేనాటికి లౌడ్‌స్పీకర్లు లేవు. ముఅజ్జిన్ కంఠమే చుట్టుపక్కలకు పిలుపు. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట ఆకాశంలో హోరు చాలావరకు తగ్గింది. కాని నేల మీది హోరు తగ్గలేదు. కింద బస్సులు, హారన్లు, పైన మెట్రో రైలు. ఆ హోరును దాటాలని మనం గొంతు పెంచుతాము. మన గొంతు పక్కవాడికి హోరవుతుంది, అతడూ పెంచుతాడు.

హిఫ్జ్ గదిలో జరిగేదీ ఇదే. ముప్పైమంది పిల్లలు తలా ఒక సబక్ ఒకేసారి చదువుతారు. ఎవరి చదువు వారికి వినబడక అందరూ కేకలకు దిగుతారు. వారిని దిద్దడానికి ఉస్తాద్ అందరికన్నా పెద్ద కేక వేస్తాడు. బిగ్గరగా చదివితేనే కంఠస్థమవుతుందని మనలో ఒక నమ్మకం ఉంది. తన చదువు తనకు స్పష్టంగా వినిపించడమే నిజానికి కావలసింది. నిశ్శబ్దంలో అది మెల్లని స్వరానికే సాధ్యమవుతుంది.

అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో నెల్సన్ రాయ్, ఆయన సహచరులు జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. జీవితంలో ఎప్పుడైనా స్వరసమస్య ఎదుర్కొన్నవారు ఉపాధ్యాయుల్లో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతమని అందులో తేలింది. అంతకు రెండేళ్ల ముందు ఆయన బృందమే స్వరసమస్యలున్న 44 మంది ఉపాధ్యాయులను మూడు జట్లుగా చేసింది. ఒక జట్టుకు గొంతు సంరక్షణపై ఉపదేశం, ఒక జట్టుకు చిన్న మైకు ఇచ్చారు, మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. సమస్య చెప్పుకోదగినంతగా తగ్గినది మైకు పెట్టుకున్నవారికే. ఉపదేశమే వృత్తిగా గల మాబోటివారు దీన్ని శ్రద్ధగా గమనించాలి. ‘గొంతు జాగ్రత్త’ అని చెబితే చాలదు, ఏర్పాటు మారాలి.

ఈ మధ్యేమార్గాన్ని మన ధర్మం ఏనాడో నేర్పింది. నమాజులో స్వరాన్ని మరీ పెంచకుండా, మరీ తగ్గించకుండా నడిమి దారి పట్టమని బనీ ఇస్రాయీల్ సూరా బోధిస్తుంది. ఒక రాత్రి హజ్రత్ అబూబక్ర్ (రజి) అతి మెల్లగా, హజ్రత్ ఉమర్ (రజి) అతి బిగ్గరగా చదువుతుండగా దైవప్రవక్త (సఅసం) విన్నారు. ఒకరిని కొంచెం పెంచమన్నారు, మరొకరిని కొంచెం తగ్గించమన్నారు. మరొకసారి మస్జిద్‌లో ఏతికాఫ్‌లో ఉండగా అనుచరుల పఠన ధ్వని పెరిగితే, ఒకరి పఠనంతో మరొకరిని ఇబ్బంది పెట్టవద్దని వారించారు. పఠించేది అల్లాహ్ గ్రంథమే అయినా ఇతరుల బాధను ఆయన ఉపేక్షించలేదు. మరి మన పెళ్లిళ్ల మర్ఫా మోతకూ, అర్ధరాత్రి దాటే జల్సాల లౌడ్‌స్పీకర్లకూ ఏ సమర్థన చూపగలం? రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. పొరుగింటి రోగి నిద్ర చెడగొట్టరాదని తెలుసుకోవడానికి మనకు చట్టం దాకా పోవలసిన పనే లేదు.

కనుక ఈ నెల నుంచే కొన్ని మార్పులు చేసుకుందాం. హిఫ్జ్ పిల్లలను చిన్న జట్లుగా, వేరువేరు మూలల్లో కూర్చోబెట్టాలి. రోడ్డు వైపు కిటికీని పాఠం వేళ మూయాలి. నేలపై చాపలు, గోడలకు తెరలు ఉంటే ప్రతిధ్వని తగ్గుతుంది. పెద్ద తరగతికి చిన్న మైకు సమకూర్చి, తక్కువ ధ్వనిలో వాడాలి. మస్జిద్ లోపలి స్పీకర్ చివరి వరుసకు వినబడితే చాలు, దాని పక్కన పసిపిల్లలను నిలబెట్టకూడదు. ఇంట్లో ఒక గది నుంచి మరొక గదికి అరవకుండా దగ్గరకు వెళ్లి మాట్లాడాలి. ఇయర్‌ఫోన్ ధ్వని సగం దాటకూడదు.

ఉపాధ్యాయులు, ఇమాములు, ముఅజ్జిన్‌లు పాఠం మధ్య గుక్కెడు నీళ్లు తాగుతుండాలి. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు మానాలి. జర్దా, సిగరెట్టు విడిచిపెట్టాలి. రమజాన్‌లో పకోడీలతో కడుపు నింపుకుని వెంటనే పడుకుంటే పైకెగసే ఆమ్లం స్వరపేటికను కూడా బాధిస్తుంది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే గొంతు వైద్యుని వద్దకు వెళ్లాలి.

చెవి, కన్ను, హృదయం ఒక్కొక్కదాని గురించి మనల్ని ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్‌ఆన్ హెచ్చరించింది. చెవితో ఏమి విన్నామన్నదే కాక, ఆ చెవిని ఎలా కాపాడుకున్నామన్నదీ, మన చేతుల్లో పెట్టిన పసివాళ్ల చెవులను ఏం చేశామన్నదీ ఆ లెక్కలో ఉంటాయని నా గట్టి నమ్మకం. ఈ అమానతులను భద్రంగా తిరిగి అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.