ఇంద్రభువన్ దాటితే ఊరు లేదా?

షోలాపూర్ మహానగరపాలిక కమిషనర్ గారికి,

ఇంద్రభువన్‌ను బాగుచేయించినందుకు ముందుగా కృతజ్ఞతలు. అప్పాసాహెబ్ వారద్ గారు కాపురానికి కట్టించుకున్న మేడ అది. పాలిక కచేరీ అయ్యాక పన్ను కట్టడానికి వచ్చి, వరుసలో నిలబడి, తలెత్తి ఆ చెక్కుడు పని చూసినవాళ్లం మేము.

మొన్న చేతికొచ్చిన కరపత్రం వల్లే ఈ ఉత్తరం. వారసత్వ నడకట! భుయికోట్ కోట, సిద్ధేశ్వర గుడి, ఇంద్రభువన్, అంతే. మా నేతగాళ్లుండే పూర్వభాగ్ వైపు ఒక్క అడుగు లేదు. ఆ కరపత్రం వేసిందెవరో అనవసరం. నడక మీ గుమ్మం దగ్గర ఆగింది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను.

సాఖర్ పేఠ్ సందుల్లో పాత మగ్గపు ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. గుమ్మం దాటగానే మగ్గం గది, అది దాటితేనే వంటిల్లు. గుంటమగ్గం పోయి సాంచా (మరమగ్గం) వచ్చినప్పుడు గుంట పూడ్చి షాబాదు బండ పరిచారు. ఆ ఒక్క బండ రంగు వేరు. జకార్డ్‌కు ఎత్తు చాలక అటక కోసిన చోట దూలం మొండి ఇప్పటికీ కనిపిస్తుంది. నిజాం రాజ్యం నుంచి బతుకుతెరువుకు వచ్చిన మా తాతల చరిత్ర రాసి ఉన్నది అక్కడే. షోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, సంతోషం. అది నేసిన గదికి ఏ గుర్తింపు ఉంది?

1877లో మొదలైన జూనీ మిల్లు ఏమైందో, లక్ష్మీ-విష్ణు మిల్లులు ఏమయ్యాయో మీకు తెలుసు. ఆ కథలు మళ్లీ ఎత్తను.

వారసత్వమంటే కట్టించినవాడి సొమ్మును బట్టేనా? నేతగాడి ఇల్లు మీ లెక్కలోకి రావాలంటే ఎన్ని అంతస్తులుండాలి? మేడకు దొరికిన నిపుణులు పెంకుటింటికి దొరకరా? మా వాళ్లు కట్టిన పన్ను ఆ మేడలో జమ కాలేదా? కప్పు కారే ఇంట్లో ఉంటున్నవాళ్లను ఇల్లు పడగొట్టొద్దనే హక్కు నాకు లేదు, నిజమే. మరి వాళ్లకు దారి చూపాల్సిందెవరు?

ఏదో ఒకటి చేయండి సార్. కనీసం అవి కూలకముందే ఎవరినైనా పంపి కొలతలు, ఫొటోలు తీయించండి. మీరే వస్తే ఇంకా మంచిది. సాంచాలు నడిచే వేళకే రండి. మాట వినపడాలంటే మాత్రం ఇద్దరం అరవాల్సి ఉంటుంది.

ఇట్లు,
పూర్వభాగ్ పద్మశాలి ఒకడు