ప్రకటన నొక్కినవారే ప్రతినిధులా?

ఇంటింటి సర్వేకు వెళ్లే సిబ్బందికి కొందరు ఎన్నటికీ దొరకరు. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు, మాదకద్రవ్యాలకు అలవాటుపడినవారు కుటుంబ సభ్యుల ఎదుట నిజం చెప్పడం కష్టం. 2011 జనగణనలో 'ఇతరులు'గా నమోదైనవారు దేశవ్యాప్తంగా సుమారు 4.88 లక్షలు. వాస్తవ సంఖ్య ఇంకా ఎక్కువన్న వాదన నాటి నుంచీ ఉంది. లెక్కకు రానివారి అవసరాలు ప్రణాళికలకూ అందవు.

వయోజనుల సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టభయం తగ్గినా సమాజ భయం పోలేదు. అందుకే పరిశోధకులు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, డేటింగ్ యాప్‌లలో ప్రకటనలిచ్చి ఇలాంటివారిని ఆహ్వానిస్తున్నారు. ఖర్చు తక్కువ, పేరు చెప్పకుండానే సమాధానం ఇవ్వొచ్చు.

అయితే, స్పందించినవారు అందరికీ ప్రతినిధులు కారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57 శాతం కాగా, మహిళలు 33 శాతమే. గ్రామీణ మహిళల్లో ఇది దాదాపు 25 శాతం. ఫోను లేని పేదలు ఈ పద్ధతిలో మరోసారి అదృశ్యమవుతారు. స్పందనల సంఖ్య ఎంత పెరిగినా ఈ లోపం తీరదు. అమెరికాలో ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు 2.5 లక్షల మందిని ప్రశ్నించిన సర్వే సైతం 2021 మే నెలలో కొవిడ్ టీకా తీసుకున్నవారి శాతాన్ని 17 పాయింట్లు ఎక్కువగా అంచనా వేసింది.

గోప్యత మరో చిక్కు. ప్రకటనను నొక్కిన క్షణమే ఆ వేదిక వద్ద ఆనవాలు మిగులుతుంది. దాని కింద మిత్రుడు సరదాగా పేరు జోడించినా ఒకరి రహస్యం బయటపడవచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధనలకు షరతులతో మినహాయింపునిచ్చింది. కాబట్టి నైతిక సంఘాల బాధ్యత పెరిగింది. అవి ప్రశ్నావళితోపాటు ప్రకటనలోని పదాలను, అది ఎవరికి చేరేలా రూపొందించారన్న విషయాన్నీ పరిశీలించాలి.

సామాజిక మాధ్యమం మూసిన తలుపును కొంత తెరవగలదు. క్షేత్రస్థాయి కృషికి ప్రత్యామ్నాయం కాలేదు. సముదాయ సంఘాల కార్యకర్తలతో కలిసి పనిచేస్తూ, తమకు ఎవరు చిక్కలేదో కూడా పరిశోధకులు నివేదికల్లో వెల్లడించాలి. అలా చేసినప్పుడే ఆ అంకెలపై ఆధారపడి విధానాలు రూపొందించడం న్యాయమవుతుంది.