తలుపు లేనివారి ముఖాలు

ఈ మధ్య హైదరాబాదులో వీథి ఛాయాచిత్రాల ప్రదర్శన ఒకటి చూశాను. గోడల నిండా పాతబస్తీయే. ముడతలు పడిన ముఖంతో రిక్షా తొక్కే వృద్ధుడు, లాడ్ బజారు గాజుల తళుకు, వానలో తడుస్తున్న తోపుడుబండి, చెత్తకుప్ప పక్కన నవ్వుతున్న పసివాడు. చూడవచ్చినవారు ‘ఎంత జీవం!’ అని మెచ్చుకున్నారు. నేనూ చాలా ఏళ్ళుగా ఆదివారాలు కెమెరా భుజాన వేసుకుని ఈ నగరంలో కాలినడకన తిరుగుతున్నవాణ్ణే. కనుక ఆ మెప్పులో నాకూ వాటా ఉన్నది. ఈ విమర్శలోనూ ఉన్నది.

ఆ ప్రదర్శనలో ధనికుడి ముఖం ఒక్కటీ లేదు. బంజారాహిల్స్ లేదు, గచ్చిబౌలి లేదు. సగం నగరం ఎక్కడికి పోయింది? ఒక మిత్రుణ్ణి అడిగితే, ‘అక్కడ తీయడానికేముంది? జీవమంతా ఇక్కడే గదా’ అన్నాడు. ఈ మాట నిజం కాదు. అక్కడా మనుషులు నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, ముసలివారవుతున్నారు. తేడా జీవంలో లేదు, తలుపులో ఉన్నది.

నా అనుభవమే చెబుతాను. ఒక ఆదివారం తెల్లవారుజామున, పని కోసం అడ్డా మీద నిలబడిన పాలమూరు కూలీలను పన్నెండు ఫొటోలు తీశాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక ముసలామె మాత్రం అడిగింది: ‘ఫొటో తీస్తే పని దొరుకుతదా సారూ?’ నవ్వి ఊరుకున్నాను. ఆ రోజే మధ్యాహ్నం బస్సెక్కి మాదాపూరు వెళ్ళాను. ఒక గేటెడ్ కమ్యూనిటీ ముందు రోడ్డు మీద నిలబడి గేటును ఫొటో తీయబోతే కాపలాదారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ‘తీయొద్దు సార్, లోపలోళ్ళు ఊకోరు. నా నౌకరీ పోతది.’ కెమెరా దించాను. పొద్దున పన్నెండు ముఖాలకు అక్కరలేని అనుమతి మధ్యాహ్నం ఒక గోడకు కావలసి వచ్చింది!

ఆస్తి కలవాడికి పరుల చూపు సోకకుండా ఉండే హక్కు కూడా ఆస్తిలో భాగమే. ఇల్లు చాలక వీథిలో వండుకుని, వీథిలో స్నానం చేసి, వీథిలో నిద్రించేవాడికి ఆ హక్కు లేదు. ‘వీథి జీవం’ అని మనం మురిసిపోయేది చాలాసార్లు ఇల్లు లేకపోవడమే.

ఇది ఇవాళ పుట్టిన తేడా కాదు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పాడు. ఘోషా స్త్రీలను పరపురుషులు చూడకుండా, ఎత్తైన గోడల నడుమ, ఒక ఆంగ్ల వనిత చేత ఫొటోలు తీయించాడు. ఆయన సంస్థే 1900 ప్రాంతపు కరువులో సహాయం కోసం చేరిన జనాన్నీ ఫొటోలు తీసింది. వారికోసం గోడలు కట్టినవారు లేరు.

‘కళకు ఈ లెక్కలెందుకు? కన్ను అందాన్ని చూస్తుంది, అంతే’ అంటారు కొందరు. అయితే ఆ కన్ను ఎక్కడ ఆగుతున్నదో చూడండి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని 2015 జనవరిలో ఇదే పాతబస్తీలో గాజులు తయారుచేసే ఇరుకు గదుల నుంచి బీహారు పిల్లలను వందల సంఖ్యలో విడిపించారు. అంతకుముందు ఎన్నేళ్ళు, ఎందరు కెమెరాలతో ఆ బజారులో తిరగలేదు! తళుకు చూసిన కన్ను, ఆ తళుకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వెతకలేదు.

మనవారిలో కొందరు దీనికి ఎదురుగా వాదిస్తారు: దారిద్ర్యాన్ని చూపడమే అభ్యుదయమని. ఈ భ్రమ మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఇది మన జెండా పట్టుకుని వస్తున్నది. కారణం నుంచి విడదీసి చూపిన దారిద్ర్యం కొండలాగా, సూర్యాస్తమయం లాగా ఒక ప్రకృతి దృశ్యమవుతుంది. చూసినవాడికి జాలి పుడుతుంది, కోపం పుట్టదు. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫొటోలు జాలి కోసం తీసినవి కావు. పి.సి. జోషీతో, చిత్రప్రసాద్‌తో కలిసి జానా ఆ పల్లెలు తిరిగాడు. ఆ ఫొటోలు ‘పీపుల్స్ వార్’ పత్రికలో కరువు కారణాలు చెప్పే కథనాలతో పాటు వెలువడ్డాయి. బొమ్మ పక్కన లెక్క ఉన్నది, లెక్క వెనుక ఒక ఉద్యమం ఉన్నది. మన ఆదివారపు నడకల వెనుక ఏమున్నది?

మరొక మాట. ముఖం ఇప్పుడు వట్టి ముఖం కాదు. తెలంగాణ పోలీసులు 2018లోనే ముఖాలను గుర్తుపట్టే విధానాన్ని తమ యాప్‌లో చేర్చారు. 2021 లాక్‌డౌన్‌లో పాతబస్తీలో తనను ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. మన ఉద్దేశం పోలీసు ఉద్దేశం కాదు, నిజమే. కాని అడగకుండా తీసేటప్పుడు మన చెయ్యీ ఆ చెయ్యీ ఒక్కలాగే కదులుతున్నాయి.

మరి కెమెరా పారవేయమంటున్నానా? కాదు. పారవేస్తే మిగిలేది పోలీసు కెమెరా, ప్రకటనలవాడి కెమెరా. విద్యార్థి మిత్రులను కోరేది ఇంతే. తీసే ముందు అడగండి, కాదంటే దించండి. తీసిన ఫొటో అచ్చువేసి తిరిగి వెళ్ళి ఇవ్వండి. ఒప్పుకుంటే, ఫొటో కింద ‘నిరాడంబర సౌందర్యం’ వంటి మాటలకు బదులు ఆ మనిషి చేసే పని, ఆనాటి కూలి రాయండి. అంతకంటె ముఖ్యం, గేటును కూడా తీయండి. గోడ ఎత్తు, గోడ పక్కన గుడిసె, పొద్దున్నే ఆ గేటు లోపలికి వెళ్ళే పనివారి వరుస: ఈ మూడూ ఒకే చట్రంలోకి వచ్చినప్పుడే అది ఈ నగరం ఫొటో అవుతుంది.

ఆ పన్నెండు ఫొటోలను నేను ఎక్కడా ప్రదర్శించలేదు. అచ్చులు తీసుకుని మళ్ళీ అడ్డాకు వెళ్ళాను, తొమ్మిదిమంది దొరికారు. ముసలామె కనబడలేదు. ఆమె ప్రశ్న నా దగ్గర ఉన్నది. జవాబు చెప్పవలసింది నేనొక్కణ్ణే కాదు.