సంచీల నిషేధం: మైక్రాన్ల లెక్క కంటే పూర్తి నిషేధమే మేలు

ప్లాస్టిక్ చేతిసంచీలను నిషేధించే యోచన ఏదైనా నగరపాలక సంస్థలో మొదలయిందని తెలియగానే బజారులో రెండు రకాల కదలిక కనిపిస్తుంది. టోకు వర్తకుడు నిల్వలు వదిలించుకోజూస్తాడు. చిల్లర వర్తకుడు ఇది నాలుగు రోజుల ముచ్చటేనని తలచి, చౌకగా వచ్చిన సరకును దింపుకుంటాడు. తనిఖీ వచ్చిన నాడు చేతులు కాల్చుకునేది ఈ రెండవవాడే.

నిషేధం వర్తకులకు శత్రువని అనుకోవడం పొరపాటు. ఢాకా నగరంలో 1988, 1998 వరదల్లో మురుగు కాలువలకు అడ్డుపడినవి పాలిథిన్ సంచీలే. 2002లో అక్కడ నిషేధం రావడానికి అదే కారణం. కాలువ పొంగితే ముందుగా తడిసేది బజారు వీధిలోని సరకేనని గోదాములున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

చిక్కు నిషేధంతో కాదు, మైక్రాన్ల లెక్కతో వచ్చింది. మన దేశంలో సంచీ కనీస మందం 1999లో 20 మైక్రాన్లు. 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 అయినది. సంచీలు కిలోల లెక్కన అమ్ముడయ్యే సరకు. 50 మైక్రాన్లలో కిలోకు వంద వచ్చే సంచీలు అదే కొలతతో 120 మైక్రాన్లలో 41కి మించి రావు. అంటే చట్టాన్ని పాటించిన దుకాణదారుకు సంచీ ఖర్చు దాదాపు రెండున్నర రెట్లు కాగా, పాటించని పక్క దుకాణానికి పాత ఖర్చే. పైగా సంచీ 75 మైక్రాన్లో 120 మైక్రాన్లో చేత్తో తడిమి చెప్పగలవారెవరు?

మందం పెంచితే జనం మళ్లీ మళ్లీ వాడతారన్న ఆశ కూడా ఫలించలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2014లో పలుచని సంచీలను నిషేధించి, మందపు సంచీలను అనుమతించింది. జనం వాటినీ ఒకసారి వాడి పారవేశారు. చెత్తకుప్పల్లో సంచీల బరువు తగ్గడానికి బదులు పెరిగింది. చివరకు 2024లో చట్టాన్ని మార్చి, 2026 జనవరి 1 నుంచి మందపు ప్లాస్టిక్ సంచీలకూ స్వస్తి చెప్పారు. కనుక నగరం నిషేధించదలిస్తే మందంతో నిమిత్తం లేకుండా అన్నింటినీ నిషేధించడం మేలు. అప్పుడు కొలత తగాదా వుండదు, నిజాయితీపరునికి నష్టమూ వుండదు.

ఈ వార్త విని గోనె, జనపనార సరకులో దిగాలనుకునేవారికి ఒక హెచ్చరిక. భీమునిపట్నం పేరిట బిమ్లి జూట్‌గా ప్రసిద్ధమయిన గోగునార పండే ఉత్తరాంధ్రకు ఈ నిషేధం మేలు చేయవచ్చు. అయితే గోనె ధరను శాసించేది చేతిసంచీలు కాదు, 1987 చట్టం కింద ధాన్యసేకరణకు వచ్చే బస్తాల ఆర్డర్లే. జనపనారకు పుట్టినిల్లయిన ఢాకాలోనే ధర తేడా వల్ల, తయారీని అరికట్టకపోవడం వల్ల పలుచని సంచీలు తిరిగి వచ్చాయి. 2024 అక్టోబరులో పెద్ద దుకాణాల నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. గుడ్డలా కనిపించే నాన్‌ఓవెన్ సంచీ కూడా పాలీప్రొపిలీన్ సరకేనన్నది మరువరాదు.

నగరపాలక సంస్థను వర్తక సంఘాలు కోరవలసినవి మూడు. మొదటిది, ముందుగా ప్రకటించిన ఒకే గడువు, ఈలోగా న్యాయంగా కొన్న నిల్వలు తయారీదారుకు తిప్పి పంపే ఏర్పాటు. రెండవది, తనిఖీ కర్మాగారం వద్ద, టోకు గోదాము వద్ద మొదలు కావాలి గాని తోపుడుబండి వద్ద కాదు. మూడవది, ప్రత్యామ్నాయ సంచీ ధరను బిల్లులో విడిగా చూపాలి. ఐర్లండులో 2002లో సంచీకి 15 సెంట్లు సుంకం విధించగా, ఏడాదికి తలకు 328 వున్న వాడకం 21కి పడిపోయింది. ఉచితం కానప్పుడు కొనుగోలుదారు ఇంటినుంచే సంచీ తెచ్చుకుంటాడు.

అంతవరకు చౌకగా వచ్చిందని సంచీల నిల్వ పెంచుకోవడం వివేకం కాదు. 120 మైక్రాన్లకు లోపున్న సరకు ఏ నగరం నిషేధించకపోయినా ఇప్పటికే చట్టవిరుద్ధం. అందులో మిగిలే లాభం ఒక్క జరిమానాకు చాలదు.