క్యారల్స్‌కి అదను నవంబరే

గానుగలు ఆడే రోజుల్లోనే అనకాపల్లికి క్యారల్స్ కాలమూ వస్తుంది. అదను తప్పి చెరకు నరికితే బెల్లం కుదరదని ఇక్కడ ఒకరు చెప్పనక్కర్లేదు. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి పనిచేయదు. పండక్కి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ తేదీ ఖాయమయ్యాక నాలుగు సాయంత్రాల ప్రాక్టీసు, పెన్‌డ్రైవ్‌లో ట్రాకు, ఆటోలో రెండు స్పీకరు బాక్సులు: చాలా యూత్ బృందాల తయారీ ఇంతే. అది నవంబరులోనే, వట్టి గొంతులతో, కీర్తనలతో మొదలవ్వాలని నా వాదన.

పాతవాటి మీద మమకారంతో అంటున్న మాట కాదిది. లండన్ మిషన్ 1805లోనే విశాఖపట్నం చేరింది. అయినా తెలుగు క్రైస్తవుల నోట నిలిచిన పాట దొరల బాణీల్లోది కాదు, కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్లు మన రాగాల్లో కట్టిందే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చై ఉంటాయి. చూపు వాటిని దాటేసి సాహిత్యం మీదికి పోతుంది. పల్లవి ఒకరెత్తుకుంటే పదిమంది అందుకునే ఆ కట్టుబడి, గుమ్మం ముందు కాసేపు నిలబడి కదిలిపోయే బృందానికి కొలిచి కుట్టినట్టుంటుంది. ట్రాకు అలా కాదు. శ్రుతీ వేగమూ అదే తేలుస్తుంది. తలుపు తీసిన మామ్మగారు గొంతు కలపబోతే ఆమె కోసం ఆగదు.

కీబోర్డు లేకపోతే కుర్రాళ్లు రారంటారు. కొంత నిజమే. కానీ 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో ‘సైలెంట్ నైట్’ మొదటిసారి వినిపించింది ఒక్క గిటారు తోడుతోనే. గిటారూ ఢోలక్కూ ఉండనివ్వండి, కొత్త పాటలూ పాడండి. గొంతులు కుదిరాకే అవి రావాలి. ఇక రాగం నేర్పేదెవరన్నది బరువైన ప్రశ్న. విజయనగరంలో సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది. ఉత్తరాంధ్రలో శాస్త్రీయంగా నేర్చిన మాస్టార్లు దొరకనివాళ్లేం కాదు. బాక్సుల అద్దెలో కొంత వాళ్లకిస్తే నాలుగు ఆదివారాలు కూర్చోబెడతారు. మాస్టారు చర్చికి వచ్చేవారా, గుడికి వెళ్లేవారా అన్నది శ్రుతికి అక్కర్లేని సంగతి.

ఇంకో చిక్కుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటాక వీధిలో మైకు మోగకూడదు. పండగలకి అర్ధరాత్రి దాకా సడలించే వీలు రాష్ట్రానికి ఉన్నా, అన్ని పండగలకీ కలిపి ఏడాదికి 15 రోజులు మించదు. క్యారల్స్ రౌండ్లు ఒక్కోసారి పది దాటినా సాగుతూనే ఉంటాయి. బాక్సు కట్టేశాక మిగిలిన ఇళ్ల ముందు ఏం పాడాలో బృందం నవంబరులోనే తేల్చుకోవాలి.