ఎర్రరాతి తోరణాలు

తిరుమల కొండ మీద, శ్రీవారి ఆలయానికి కొద్ది దూరంలో, శిలాతోరణం ఉన్నది. దానిని ఏ శిల్పీ చెక్కలేదు. గాలీ, నీరూ బండను తొలిచి తోరణంగా చేశాయి. ఇటువంటి తోరణాలు ఒకే ప్రాంతంలో రెండువేలకు పైగా ఉన్న చోటు ఒకటి అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్నది. దాని పేరు ఆర్చెస్ నేషనల్ పార్కు. 1929 లో ప్రభుత్వం దీనిని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 1971 లో ఇది నేషనల్ పార్కు అయింది.

మోయాబ్ అనే చిన్న పట్టణానికి ఇది ఐదు మైళ్ళ దూరం. కార్లలో దేశం చూడటానికి బయలుదేరినవాళ్ళు ఎందరో ఇక్కడ ఆగుతారు. ఎటు చూసినా ఎర్రటి బండలే. ఇనుము తుప్పు పడితే ఎర్రబడుతుంది గదా! ఈ రాతిలోని ఇసుకరేణువులకు పట్టినది కూడా ఇనుపతుప్పే.

సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. అది ఎండిపోయి, వేల అడుగుల మందాన ఉప్పు మిగిలింది. ఆ ఉప్పు పైన ఇసుకా, మట్టీ పేరుకుని రాయి అయింది. పై బరువుకు ఉప్పు, అరచేతి కింద పిండిముద్దలాగా, పక్కకు జరిగి అక్కడక్కడా ఉబ్బింది. దానితో పైనున్న రాయి వరసలు వరసలుగా నిలువునా పగిలింది. పగుళ్ళు వెడల్పయినకొద్దీ వాటి మధ్య సన్నని రాతిగోడలు మిగిలాయి.

ఇక్కడ ఏడాదికి పది అంగుళాల వాన పడటం కూడా కష్టమే. అయినా ఆ కాస్త నీరే తోరణాలు చేసింది. రాతిలో ఇసుకరేణువులను అంటిపెట్టి ఉంచే సున్నంవంటి పదార్థాన్ని నీరు కరిగిస్తుంది. చలికాలపు రాత్రులలో పగుళ్ళలోని నీరు గడ్డకట్టి, ఉబ్బి, రాతిపెచ్చులను ఊడదోస్తుంది. ఇలా గోడకు కంత పడి, వేల ఏళ్ళకు తోరణమవుతుంది.

వీటిలో ప్రసిద్ధమైనది డెలికేట్ ఆర్చ్. దానిని చూసి రావటానికి మూడు మైళ్ళు నడవాలి. 480 అడుగులు ఎక్కాలి. దారిలో నీడ లేదు. అందుచేత మనిషికి రెండు లీటర్ల నీరైనా వెంట ఉండాలి. చివరి మలుపు దాకా తోరణం కనబడదు. మలుపు తిరగగానే 46 అడుగుల ఎత్తు గల రాతిద్వారం ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది.

మరి, ఈ తోరణాలు ఎల్లకాలం ఉంటాయా? ఉండవు. లాండ్‌స్కేప్ ఆర్చ్ అనే మరొక తోరణం పొడవు 306 అడుగులు. 1991 లో కొందరు దాని కింద కూర్చుని అలుపు తీర్చుకుంటూండగా, పైన రాయి చిటపటమన్నది. వాళ్ళు లేచి దూరంగా పోయారు. అంతలో 60 అడుగుల రాతిపలక ఊడిపడింది! ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ తరవాత దాని కిందికి వెళ్ళే బాటను మూసేశారు. 2008 ఆగస్టులో ఒక రాత్రి వాల్ ఆర్చ్ అనే తోరణం పూర్తిగా కూలిపోయింది.

ఇక్కడ రాతికన్న సుకుమారమైనది మరొకటి ఉన్నది. అది కాలి కింది మట్టి. దాని మీద నల్లగా, గరుకుగా ఒక పొర ఉంటుంది. అది ప్రాణమున్న పొర. దానిలోని సూక్ష్మజీవులు సన్నని దారాలవంటివి. అవి ఇసుకను పట్టి కుట్టినట్టుగా ఉంచి, గాలికి ఎగిరిపోకుండా కాపాడతాయి, తడిని నిలుపుతాయి, మొక్కలకు కావలసిన నత్రజనిని అందిస్తాయి. ఒక్క అడుగు పడితే చాలు, ఆ పొర చితికిపోతుంది. మళ్ళీ సరిగా ఏర్పడటానికి పదులకొద్దీ ఏళ్ళు పట్టవచ్చు.

అందుకే అక్కడ నడిచేవాళ్ళు బాట మీదనో, బండ మీదనో మాత్రమే కాలు పెట్టాలి. రాతితోరణం కూలకుండా మనం ఆపలేం. కాని మట్టిని తొక్కకుండా నడవటం చిన్న పిల్లలకు కూడా చేతనవుతుంది.